అరిగిపోయిన రికార్డు

"నాన్నా, ఇందులో మూడు పాటలు నువ్వు వింటుండగా నేనెప్పుడూ చూళ్లేదు."

నా జీవితాన్ని మలిచిన పాటలంటూ రాసుకున్న జాబితా చదివి మా అమ్మాయి అన్న మొదటి మాట ఇది. జాబితాలో ఉన్నవి ఎనిమిదే. వాటికోసం నేను నాలుగు రాత్రులు కూర్చున్నాను. నిమిషంలో మూడు ఎగిరిపోయాయి.

నిరుడు కాలు విరిగి ఆరు వారాలు మంచం మీదున్నాను. అప్పుడే బీబీసీ వాళ్ల ‘డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్’ వినడం అలవాటైంది. తెలియని వాళ్లకి రెండు ముక్కలు. అది 1942 జనవరి 29న మొదలైన రేడియో కార్యక్రమం, ఇప్పటికీ వస్తోంది. రాయ్ ప్లామ్లీ అనే బ్రాడ్‌కాస్టర్‌కి 1941 చివర్లో ఒక రాత్రి పడుకోబోతూ ఈ ఆలోచన వచ్చిందట. పైజామాలోనే కూర్చుని బీబీసీకి ఉత్తరం రాసేశాడు. పేరున్న ఒక మనిషిని పిలుస్తారు. మీరు మనుషుల్లేని దీవిలో ఒంటరిగా చిక్కుకుపోయారనుకోండి, మీతో ఎనిమిది రికార్డులే ఉంటాయి, అవేమిటో చెప్పండి అంటారు. ఒక్కోటీ కాస్త వినిపిస్తూ, ఆ పాట ఎందుకో అడుగుతూ, మెల్లగా మనిషి జీవితమంతా బయటికి లాగుతారు. తర్వాత్తర్వాత ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు కూడా పట్టుకెళ్లనిస్తున్నారు. బైబిలూ షేక్‌స్పియరూ వాళ్లే ఇస్తారు కాబట్టి అవి అడగక్కర్లేదు. వస్తువు మాత్రం దీవి నుంచి పారిపోవడానికి పనికొచ్చేది కాకూడదు. చివర్లో ఒక ప్రశ్న: అల వచ్చి రికార్డులన్నీ కొట్టుకుపోతుంటే, పరిగెత్తి ఏ ఒక్కదాన్ని పట్టుకుంటారు?

మొదట్లో ఆ ప్రశ్నకి ఒక తోక ఉండేది. మీ దగ్గర గ్రామఫోనూ, తరగని సూదులూ ఉన్నాయనుకుని చెప్పండి అనేవాళ్లు. నాకు ఆ సూదుల మాట తెగ నచ్చింది. దీవిలో తిండి ఎలా, నీళ్లు ఎలా అని ఎవరూ అడగరు, సూదులు అయిపోతాయేమోనని మాత్రం ముందే బెంగ తీర్చేస్తారు. అప్పటి రికార్డులు నిమిషానికి 78 సార్లు తిరిగేవి. మామూలు సైజు రికార్డు అయితే ఒక వైపు మూడు నిమిషాలకి మించి పెద్దగా పట్టేది కాదు. సూది కూడా తొందరగా అరిగిపోయేది. అందుకని ఆ రోజుల్లో రికార్డు ఎంచుకోవడమంటే దాదాపు మూడు నిమిషాలు ఎంచుకోవడమే.

ప్లామ్లీ 1985లో చనిపోయేదాకా దాన్ని తనే నడిపాడు. తర్వాత మైకేల్ పార్కిన్సన్, స్యూ లాలీ, కర్స్టీ యంగ్, 2018 నుంచి లోరెన్ లావెర్న్. పాత ఎపిసోడ్లు 2011 నుంచి ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలెట్టారు. నేను ఒక వరుసంటూ లేకుండా, కాలి నొప్పిని బట్టి రోజుకి మూడో నాలుగో వినేవాణ్ణి. నా ఓటు స్యూ లాలీకే. మర్యాదగానే అడుగుతుంది, కానీ వదిలిపెట్టదు. ప్లామ్లీ కథల్లో నాకు ఇష్టమైనది ఆయన పొరపాటే. థ్రిల్లర్ నవలల రచయిత ఆలిస్టర్ మెక్లీన్‌ని పిలవబోయి, అదే పేరున్న ఇంకొకాయన్ని పిలిచాడు. ఆయనేమో కెనడాలోని ఒంటారియో ప్రభుత్వం తరఫున టూరిజం వ్యవహారాలు చూసే ఉద్యోగి. తీరా సంగతి తెలిశాక మర్యాద కోసం రికార్డింగ్ అయితే చేశారు గానీ ప్రసారం చెయ్యలేదు. ఆ టూరిజం ఆయన ఏ ఎనిమిది ఎంచుకున్నాడో అని నాకు ఇప్పటికీ కుతూహలం. పెద్ద పెద్దవాళ్ల జాబితాల మీద కూడా నాకు అంత లేదు.

స్టీఫెన్ హాకింగ్ ఎపిసోడ్ మాత్రం రెండుసార్లు విన్నాను. 1992 క్రిస్మస్‌కి వచ్చింది అది. వాగ్నర్, బీథోవెన్, మధ్యలో ఒక బీటిల్స్ పాట. కంప్యూటర్ గొంతుతో, ఒక్కో జవాబుకీ ఆగుతూ. చివరికి ఒక్కటే కాపాడుకోవాలంటే మొజార్ట్ రెక్వియం, అంటే చనిపోయినవాళ్ల కోసం పాడే ప్రార్థనా సంగీతం, అన్నాడు. విలాస వస్తువుగా క్రెమ్ బ్రూలే అడిగాడు. అంత మనిషికీ దీవిలో స్వీటు కావాలనిపించిందంటే నాకు ధైర్యం వచ్చింది. ఇంకో కొసన సొప్రానో గాయని ఎలిజబెత్ ష్వార్ట్స్‌కాఫ్. 1958లో ఆవిడ ఎంచుకున్న ఎనిమిదిలో ఏడు తను పాడినవే. అందరూ ఆవిడ అహంకారం మీద జోకులేస్తారు. నాకైతే అది నిజాయితీగానే తోచింది. ఆవిడ బతుకంతా ఆ స్టూడియోల్లోనే గడిచింది కదా, ఇంకెవరివి పట్టుకెళ్తుంది?

వింటూ వింటూ ఉంటే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. కాగితం తీసుకుని నావి రాశాను. మొదటి రాత్రి 31 వచ్చాయి. రెండో రాత్రి 19కి దించాను. మూడో రాత్రి మళ్లీ 24 అయ్యాయి. నాలుగో రాత్రి, తెల్లారితే కట్టు విప్పుతారనగా, కళ్లు మూసుకుని కొట్టేసుకుంటూ పోతే ఎనిమిది మిగిలాయి. వాటిలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ ఉంది. ఒక జాజ్ ట్రంపెట్ ఉంది. ఒక ఖవ్వాలీ ఉంది. మా అమ్మాయి పట్టుకున్న మూడూ ఇవే.

నిజమేమిటంటే, ఆ ప్రోగ్రాంలో అంతమంది తొమ్మిదో సింఫనీ పేరు చెబితే, అది లేని జాబితా పంచె లేకుండా పెళ్లికెళ్లినట్టు అనిపించింది. ఎవరూ వినని జాబితాలో కూడా నేను ఎవరి ముందో నిలబడి ఉన్నాను.

సెలవులకి వచ్చిన అమ్మాయి, "అలా కాదు, నేను ఇంటర్వ్యూ చేస్తా, నువ్వు చెప్పు, రికార్డు చేద్దాం" అంది. నేను ఉత్సాహంగా రెండు పేజీలు రాసుకుని కూర్చున్నాను. అసలు ప్రోగ్రాం కూడా మొదట్లో అలాగే జరిగేది. యుద్ధకాలం, సెన్సారు, అందుకని మాటలన్నీ ముందే రాసుకుని చదివేవాళ్లు. ఆ సంగతి చెప్పి నా కాగితాలు సమర్థించుకోబోయాను. అది విని, నా రెండు పేజీలూ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, జారిపోతున్న ఫోన్ కింద ఎత్తుగా పెట్టింది. "ఇప్పుడు నిలబడింది. చెప్పు."

"మొదటిది ఎందుకు?"

మొదటిది మా నాన్న రికార్డు, ఒక పాత సినిమా పాట. గొప్ప పాటేం కాదు. రెండో చరణంలో ఒక చోట రికార్డు మీద గీత పడింది. సూది అక్కడికి వచ్చేసరికి ముందుకి కదలకుండా వెనక్కి దూకి అదే మాట మళ్లీ పలికేది. మళ్లీ. నాన్న పేపరు చదువుతూ ఉండేవాడు. తల ఎత్తకుండానే ఎడమ చెయ్యి చాచి, చూపుడువేలి గోటితో ఆ సూది బిగించిన కడ్డీ మీద టక్‌మని ఒక్కటి తట్టేవాడు. పాట ముందుకి వెళ్లేది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పాట అంటే అదే: ఆ మాట మూడుసార్లు, ఒక టక్, తర్వాత మిగతా చరణం. పదేళ్లొచ్చాక వేరే ఎక్కడో రేడియోలో అదే పాట విన్నాను. ఆ మాట ఒక్కసారే వచ్చి వెళ్లిపోయింది. వీళ్లు పాట తప్పు పాడారని ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను.

ఇది నా రెండు పేజీల్లో లేదు. అక్కడ నేను రాసుకున్నది ఆ పాట రాగం గురించి.

"రెండోది?"

అక్క వీణ మీద వాయించిన వర్ణం. పక్కగదిలో ఆరేళ్లపాటు రోజూ పొద్దున్నే ఆ వర్ణమే. నేను దాని మధ్యలోనే నిద్ర లేచేవాణ్ణి. జాబితాలో ఒక పెద్ద విద్వాంసుడి రికార్డింగ్ పేరు రాశాను. "అత్తకి ఫోన్ చేద్దాం" అంది మా అమ్మాయి. వద్దంటే వినలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి సంగతి చెప్పింది. అక్క ఒక నిమిషం పాటు నవ్వింది. "ఒరేయ్, ఆ వర్ణం అంటే నాకు ఒళ్లు మంట. మాస్టారు తిడతారని వాయించా. చిట్టస్వరం దగ్గర రోజూ తప్పేది, గుర్తుందా?" గుర్తులేకపోవడమేమిటి! వర్ణంలో వరసగా స్వరాలే వచ్చే ముక్క అది. ఆ విద్వాంసుడి రికార్డింగ్ విన్నప్పుడల్లా చిట్టస్వరం దగ్గర నాకు తెలియకుండానే ఊపిరి బిగబడుతుంది. ఆయన తప్పడు. చిన్న నిరాశ. నా జీవితాన్ని మలిచిన సంగీతం ఒక పదమూడేళ్ల పిల్లకి శిక్ష అన్నమాట. జాబితాలోంచి తీసెయ్యమంటావా అని అడిగితే, "ఉంచుకో, కానీ నా పేరు వెయ్యకు" అంది. వెయ్యట్లేదు.

మూడోది హాస్టల్ రూమ్మేట్ క్యాసెట్‌లోని ఇంగ్లిష్ పాట. దాని పల్లవిని నేను ఇరవై ఏళ్లు తప్పు మాటలతో పాడుకున్నాను. అసలు మాటలు తెలిశాక పాట కొంచెం చిన్నబోయింది. నాలుగోది వయొలిన్ ఆలాపన, ఇరవై రెండు నిమిషాలు, మాటలు లేవు, తాళం లేదు. అయిదోది చెప్పడానికి ఇబ్బంది పడ్డాను. కాలేజీ ఆఖరి రోజున అందరం పిచ్చిగా గెంతిన మాస్ పాట, సాహిత్యం సంగతి మాట్లాడుకోకపోవడమే మంచిది. ఆరోది జాబితాలో లేదు, అప్పటికప్పుడు చేర్చింది, మా అమ్మాయికే సంబంధించినది. పసిపిల్లప్పుడు ఏ జోలకీ పడుకునేది కాదు, టీవీలో ఒక సబ్బు ప్రకటన వస్తే మాత్రం ఆ ట్యూన్‌కి కళ్లు మూసేది. "సబ్బు ప్రకటనా? నాకు సబ్బు ప్రకటనా?" అని ఇంటర్వ్యూ ఆపేసి పది నిమిషాలు అలిగింది. రికార్డింగ్‌లో అదంతా ఉంది.

ఏడోదీ జాబితాలో లేదు. జాజూ ఖవ్వాలీ పోయాక ఇంకా ఖాళీగా ఉన్న చోటు చూపించి, "ఒకప్పుడు నీ ఫోన్‌కి ఒక పాట రింగ్‌టోన్‌గా ఉండేది కదా, ఏమైంది అది?" అంది. ఉండేది. నాకు చాలా ఇష్టమైన పాట కాబట్టే పెట్టుకున్నాను. నాన్న పోయారన్న కబురు ఆ పాటతోనే మోగింది. ఆ తర్వాత రింగ్‌టోన్ మార్చేశాను, పాట కూడా మళ్లీ వినలేదు. దీన్ని పెట్టాలా వద్దా అని ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. జీవితాన్ని మలిచినవి అని అడిగితే ఇది ఉండాల్సిందే. పెట్టాను.

ఎనిమిదోదిగా బీథోవెన్‌ని మొండిగా ఉంచాను. పరువు సంగతి.

అప్పుడు లెక్క చూసుకుంటే, ఎనిమిదిలో ఒక్కటి కూడా నేను డబ్బులు పెట్టి కొన్నది కాదు, వెతుక్కుని విన్నదీ కాదు. నాన్నది ఒకటి, అక్కది ఒకటి, రూమ్మేట్‌ది ఒకటి, సబ్బు కంపెనీది ఒకటి. పైగా వాటిలో సగానికి పైగా నాకు ఇరవై రెండేళ్లు నిండేలోపువే. మనిషి జ్ఞాపకాలు పదేళ్లకీ ముప్ఫై ఏళ్లకీ మధ్యవే గుంపుగా ఎక్కువ మిగులుతాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతుంటారు. ఈ ప్రోగ్రాంకి వచ్చినవాళ్ల పాటల్ని పట్టుకుని కూడా పరిశోధకులు ఈ సంగతి పరిశీలించారు. నేను ఏ పరిశోధనా చెయ్యకుండానే ఆ గుంపులో దొరికాను.

ఇక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఒక అనుమానం పట్టుకుంది. ఆ ప్రోగ్రాంలో ఎవరూ అసలు పరీక్ష రాయరు. ఎనిమిది పేర్లు చెప్పి, సముద్రపు కాకుల అరుపుల మధ్య టాటా చెప్పి ఇంటికెళ్లిపోతారు. ఇంటికెళ్లి తొమ్మిదో పాట కూడా వింటారు. నిజంగా ఇవే ఎనిమిది, ఇంకేం లేవు అంటే ఎలా ఉంటుంది? పది రోజులు చూద్దామనుకున్నాను. రోజుకి రెండుసార్లు, మొదటి నుంచి చివరిదాకా. బీథోవెన్‌లో చివరి భాగం ఒక్కటే పెట్టుకున్నా అదే ఇరవై నాలుగు నిమిషాలు, అన్నీ కలిపి గంటా పది. వేరే పాట వినకూడదు. దారిలో చెవిన పడితే దోషం లేదు.

మూడో రోజుకి మాస్ పాట చచ్చిపోయింది. గెంతడానికి పక్కన ఎవరూ లేకపోతే అందులో ఇంకేమీ లేదు. నాలుగో రోజుకి హాస్టల్ ఇంగ్లిష్ పాట. సబ్బు ట్యూన్ ముప్ఫై సెకన్లే కాబట్టి దాని మీద కోపం రావడానికి కూడా టైము చాల్లేదు. రింగ్‌టోన్ పాట సంగతి వేరు. మొదటి రోజు పొద్దున అది మొదలవగానే ఫోన్ ఎత్తబోయాను. సాయంత్రం దాటవేశాను. రెండో రోజు తీసేశాను. జీవితాన్ని మలిచిన పాటా, రోజూ వినగలిగే పాటా ఒకటి కానక్కర్లేదని నాకు ఆ రోజు తెలిసింది. ప్రోగ్రాంలో అడిగేది ఒకదాన్ని, దీవిలో కావలసింది ఇంకోదాన్ని. హాకింగ్ ఈ సంగతి ముందే పసిగట్టాడేమో, వాక్‌మన్‌లో బ్యాటరీలు అయిపోయేదాకా రెక్వియం వినగలనన్నాడు. పాట గొప్పదా కాదా అన్న గొడవే లేదు, బ్యాటరీ లెక్కే.

మాటలున్న పాటలన్నీ ముందు అరిగాయి. అరిగిపోయిన రికార్డు అని మనం మనుషుల్ని తిట్టడానికి వాడతాం గానీ, పాటకి ఆ మాట అచ్చంగా సరిపోతుందని ఐదో రోజుకి అర్థమైంది. వయొలిన్ ఆలాపన నిలబడింది. ఎన్నిసార్లు విన్నా ఎక్కడో ఒక చోట దారి తప్పేవాణ్ణి, తర్వాత ఏం వస్తుందో ముందే తెలిసేది కాదు.

అసలు దెబ్బ బీథోవెన్ కొట్టాడు. డాబు కోసం పెట్టిన పాట అది. మొదటి రెండు రోజులు ఇరవై నాలుగు నిమిషాలూ వాచీ చూసుకున్నాను. ఆ కోరస్ పాడే ట్యూన్ ముందుగా సెల్లోలూ డబుల్ బేస్‌లూ చాలా తక్కువ గొంతుతో, ఎవరూ వినకుండా గొణుక్కున్నట్టు మొదలుపెడతాయని మూడో రోజు గమనించాను. అక్కడినుంచి రోజూ ఆ గొణుగుడు కోసం ఎదురుచూశాను. దానికి నాన్న లేడు, అక్క లేదు, హాస్టల్ లేదు, అందుకే అరగలేదు అనుకుంటా. 1824లో మొదటిసారి వాయించినప్పుడు బీథోవెన్‌కి దాదాపు ఏమీ వినపడేది కాదు. ఆయన దాన్ని తలలోనే విన్నాడు. నాకు పదో రోజుకి అది కుట్లు వేసిన కాలు, బాల్కనీలో మెల్లగా వేసే అడుగులు, ఫిజియో చెప్పిన ఇరవై సార్లు ఎత్తడం దించడం. ఇప్పుడు దానికీ నా జ్ఞాపకం అంటుకుంది, ఇక అరుగుతుంది కాబోలు.

నాన్న పాట? అదీ అరిగింది, దాచడమెందుకు. ఏడో రోజు పొద్దున పాట వింటూ ఏదో బిల్లు చూసుకుంటున్నాను. రెండో చరణం వచ్చింది. నా ఎడమచేతి చూపుడువేలు బల్ల మీద టక్‌మని తట్టింది. ఫోన్‌లో శుభ్రమైన రికార్డింగ్, గీత లేదు, ఏదీ ఆగలేదు. తట్టిన తర్వాత నేనే ఆగాను.

విలాస వస్తువుగా మంచి తలగడ అడిగాను, పుస్తకంగా నిఘంటువు. వాటి గురించి మా అమ్మాయి కూడా ఎక్కువ అడగలేదు.

సెలవులు అయిపోయే ముందు చివరి ప్రశ్న రికార్డు చేసింది. అల వస్తోంది, ఏది? ఆలాపన అంటాననుకున్నాను, పది రోజుల పరీక్ష నెగ్గింది అదే కదా. నోట్లోంచి నాన్న రికార్డు అని వచ్చింది. "అది అరిగిపోయిందన్నావుగా" అంది. ఎప్పుడో అరిగిపోయింది, అరిగిపోయినదే కావాలి అన్నాను. ఆ శుభ్రమైనది అల పట్టుకుపోతే పోనీ.

నెల తర్వాత దాని దగ్గరనుంచి ఒక ఆడియో ఫైల్ వచ్చింది. పాటని కంప్యూటర్‌లో పెట్టి, రెండో చరణంలో ఆ మాట మూడుసార్లు వచ్చేలా కత్తిరించి అతికించింది. చివర్లో బల్ల మీద గోటితో తట్టి ఆ టక్ కూడా పెట్టింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మూడు, టక్, చరణం. వెంటనే ఫోన్ చేశాను.

"చాలా బాగుందే. కానీ నాన్న మరీ టైముకి తడుతున్నాడు."

"మూడుసార్లు అని నువ్వేగా చెప్పావు!"

చెప్పాను. మామూలు రోజుల్లో మూడే. ఆయన స్పోర్ట్స్ పేజీలో ఉంటే ఐదూ ఆరూ అయ్యేవి, అమ్మ వంటింట్లోంచి కేకేసేది. అది కూడా ఒకటి చేసి పంపమన్నాను.